మా యారాలు పెట్టిన గేటు

జనవరి 4

అత్తమ్మ పక్కింటి గంగమణితో గోడ మీదుగా అంటోంది: “మా చిన్నకోడలు కంప్యూటర్ల దొంగలను వట్టుకుంటది. హైదరాబాద్ కంపెనీ. ఇంట్ల కూసొనే పని.”

నేను బట్టలు ఆరేస్తూ విన్నాను. పెద్దకోడలు ఏం చేస్తుందని గంగమణి అడగలేదు, అత్తమ్మ చెప్పలేదు.

చెప్పుకోవాలంటే నాకూ ఉంది. పోయిన జాతరకు ముందు మా ఆయన భూమేష్ దుకాణంలో బెల్లం పేర్చుకుని ఈగలు తోలుకుంటుంటే, ఆ వెబ్‌సైట్ చేసింది నేను. సమ్మక్కకు మొక్కుకున్నవాళ్లు నిలువెత్తు బెల్లం ఇస్తారు కదా. అమ్మ దగ్గర దాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. ఆ బంగారాన్ని ఎక్కడున్నవాళ్లయినా మా సైట్లో ఆర్డర్ పెట్టొచ్చు. పేరు, ఊరు, బరువు రాస్తే చాలు. మేం తూచి, మూటకట్టి ఇంటికి పంపుతాం, ఇంట్లోవాళ్లు మేడారం మోసుకుపోతారు. యూట్యూబ్ చూస్తూ, పప్పు మాడ్చుకుంటూ నేర్చుకుని చేశాను. ముప్కాల్ నుంచి, దుబాయి నుంచి, వేల్పూర్ నుంచి, మస్కట్ నుంచి, బోధన్ నుంచి ఆర్డర్లే ఆర్డర్లు. అప్పుడు భూమేష్ దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ ఫోన్ తీసి “మా ఆమె జేసింది” అని చూపించేవాడు.

కార్తీకంలో మా మరిది మధుకర్ పెళ్లయింది. యారాలు వచ్చింది. నిఖిత. మంచి పిల్ల. నాకేం అసూయ లేదు. ఎవరితోనూ అనలేని మాటలు కడుపులో పెట్టుకుంటే అజీర్తి చేస్తుందని రాస్తున్నాను.

జనవరి 6

సైట్ నెమ్మదిగా తెరుచుకుంటోంది. జనం బాగా వస్తున్నట్టున్నారు. జాతర నెలాఖరుకే కదా.

జనవరి 7

పొద్దున్నుంచి సైట్ తెరుచుకోనే లేదు. నేను లోలోపల మురిసిపోయాను. అంత గిరాకీ అనుకున్నాను. “జనం ఎగబడుతున్నరు, గందుకే ఆగింది” అని భూమేష్‌తో గొప్పగా అన్నాను కూడా. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

నిఖిత తన గదిలోంచి వచ్చి, నా పక్కన నిలబడి, నా కంప్యూటర్లోకి చూసింది.

“అక్కా, వీళ్లు కొనేటోళ్లు గాదు. ఒక్కలన్న బరువు రాస్తున్నరా సూడు. పేజీ అడుగుతున్నరు, పోతున్నరు, మళ్ల అడుగుతున్నరు. మనుషులే గాదక్కా, ఎక్కడెక్కడివో కంప్యూటర్లు. ఎవడో ఒకడు అన్నిటిని మన మీదికి తోలుతున్నడు.”

“గట్ల జేస్తే వానికేమొస్తది?” అన్నాడు భూమేష్.

“బస్టాండ్ల బస్సు రాంగనే కిటికీలకెల్లి దస్తీలు ఏస్తరు గద బావా. సీట్లన్నిట్ల దస్తీలే. టికెట్ కొని ఎక్కిన మనిషికి కూసునే జాగ లేదు. గిది గూడ గంతే.”

భూమేష్‌కు వెంటనే అర్థమైంది. ఆ పోలిక నాకు తట్టాల్సింది. నిజామాబాద్ బస్టాండ్లో దస్తీ రుమాలు వేసి సీటు ఆపుకుని బోధన్ బస్సెక్కి పెరిగినదాన్ని నేను. అదేమో వాళ్ల నాన్న కారులో కాలేజీకి పోయిన పిల్ల.

మధ్యాహ్నం ఒక మెయిల్ వచ్చింది, ఇంగ్లీషులో. డబ్బు పంపితే ఆపుతారట, లేదంటే ఇలాగే ఉంటుందట. భూమేష్ గాబరాపడి పంపేద్దామన్నాడు. జాతర దాటితే ఈ బెల్లమంతా ఎవరికి అమ్మాలి అని ఆయన భయం. నిఖిత వద్దంది. “ఇస్తే, ఇచ్చేటోళ్లని మన మీద ముద్ర వడ్తది బావా. మళ్ల మళ్ల అడుగుతరు.” సైబర్ పోలీసులకు ఫిర్యాదు కూడా అదే పెట్టింది.

సాయంత్రానికల్లా సైట్ ముందు ఒక గేటు పెట్టేసింది. ఇలాంటివాటి నుంచి కాపాడే కంపెనీలు ఉంటాయట. ఇక నుంచి వచ్చేవాళ్లంతా ముందు ఆ గేటు దగ్గర ఆగుతారు. నిజం గిరాకీయా, ఉత్త దస్తీయా అని చూసి వదులుతుందది. సైట్ మళ్లీ తెరుచుకుంది. ఆర్డర్లు మొదలయ్యాయి.

గేటు పాస్‌వర్డ్ నాక్కూడా చెప్పింది. “సైట్ నీది గదక్కా. నీ దగ్గర గూడ ఉండాలె.” అందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. చాలాసేపు వెతికాను.

అత్తమ్మ నిఖితకు దిష్టి తీసింది. నేను సైట్ చేసిన రోజు పప్పు మాడిందని తిట్టింది.

జనవరి 9

సైట్లో ఊరి పేరు పక్కన ఫోన్ నంబర్ గడి పెద్దగా పెడితే బాగుంటుందా అని భూమేష్ అడిగాడు. నన్ను కాదు, నిఖితను.

“అక్కను అడుగు బావా,” అంది అది.

అదీ నచ్చలేదు. నన్ను అడగమని ఇంకొకరు సిఫారసు చెయ్యాలా?

జనవరి 10

నాకు అసూయ లేదు. ఆ పిల్ల పెట్టే చాయ్‌లో చక్కెర ఎక్కువ, అంతే. బెల్లం అమ్ముకుని బతికే ఇంట్లో చక్కెర చాయ్. ఎవరూ ఏమీ అనరు. నేను పెట్టి ఉంటే అనేవాళ్లు.

జనవరి 12

నిఖిత హైదరాబాద్ పోయింది. కంపెనీలో వారం రోజులు ఏదో ట్రైనింగ్. బస్సెక్కే ముందు నన్ను పక్కకు పిలిచి చెప్పింది: “అక్కా, వాడు మళ్ల మోపైతే గాబరా గాకు. గేటు సూసుకుంటది. జర నెమ్మదైతది గని ఆగదు. నువ్వేం ముట్టకు. ఏమన్నుంటే పగటీలి అన్నం టైంల నాకు ఫోన్ జెయ్యి.”

నువ్వేం ముట్టకు.

పొయ్యి దగ్గర పిల్లలకు చెప్పినట్టు. నేను చేసిన సైట్‌ను నన్ను ముట్టుకోవద్దంటుంది. నవ్వుతూ చెప్పింది మళ్లీ. నేనూ నవ్వాను. సంచి కూడా అందించాను.

జనవరి 13

ముట్టుకున్నాను!

పొద్దున మళ్లీ మొదలైంది. ఆగిపోలేదు గానీ నత్తనడక. భూమేష్ “నిఖితకు జెయ్యి, నిఖితకు జెయ్యి” అని నా చుట్టూ తిరిగాడు. ఆ పేరు తప్ప ఇంకో పేరు నోట్లో లేదు మనిషికి. నేను ఫోన్ చెయ్యలేదు. గేటు తెరిచి చూశాను. లోపల ప్రపంచ పటం ఉంది. ఏ దేశం నుంచి ఎంతమంది తోసుకొస్తున్నారో రంగుల్లో చూపిస్తుంది. అన్నీ నోరు తిరగని దేశాలు. బ్రెజిల్ కూడా ఉంది. బ్రెజిల్లో సమ్మక్కకు మొక్కేవాళ్లెవరు? అంతా బయటి దేశాల నుంచే వస్తున్నప్పుడు, బయటి దేశాలను రానివ్వకపోతే సరి. అలా చెయ్యడానికి ఒక మీట కూడా పెట్టారు అందులో. ఇండియా వరకే. నొక్కాను.

కాసేపటికి పటం మీద మంటలన్నీ చల్లారినట్టు అయింది. సైట్ నా ఫోన్లో టక్కున తెరుచుకుంది. భూమేష్ ఫోన్లోనూ తెరుచుకుంది. ఇంత చిన్న పని. దీనికి హైదరాబాద్ కంపెనీలూ, దిష్టి తీయడాలూ.

భూమేష్ మొహం వెలిగింది. “నువ్వు గూడ జేసినవ్ గదనే!” అన్నాడు.

ఎంతో సంతోషంగా ఉంది. ఆ ‘గూడ’ ఒక్కటి లేకపోతే ఇంకా ఉండేది.

మధ్యాహ్నం నిఖితే ఫోన్ చేసింది. “అంతా మంచిగున్నదా అక్కా?” మంచిగుంది అన్నాను. ఇంకేమీ చెప్పలేదు. చెప్పడానికి ఏముంది?

జనవరి 14

అత్తమ్మ సర్వపిండి చేసింది, నాకిష్టమని. గోడ మీదుగా గంగమణితో అంది: “మా పెద్దామె గూడ నేర్సుకున్నది.”

మళ్లీ గూడ.

జనవరి 16

ఆర్డర్లు తగ్గాయి. పండగ కదా, జనం ఇంట్లో బిజీ.

దోహా నుంచి ఎవరో ఫోన్ చేశాడు, వేల్పూర్ అతను. నంబరు వాళ్ల బావమరిది ఇచ్చాడట. సైట్ వస్తలేదక్కా అన్నాడు. నేను అప్పుడే నా ఫోన్లో చూశాను, చక్కగా వస్తోంది. మళ్లీ ప్రయత్నించు తమ్మీ అన్నాను. అక్కడి నెట్ సంగతి నాకేం తెలుసు.

జనవరి 17

బెల్లం బట్టీలో ముత్యం ఉంటాడు, బోధన్ అవతల. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డప్పటి నుంచి మా చెరకు ఆయన చేతిలోనే బెల్లమవుతోంది. భూమేష్ ఆయనకు ఫోన్ చేసి వండటం ఆపమన్నాడు. ఆయన అరుపు నాకు వినిపించింది.

“కొట్టిన చెరుకు ఆగుతదా భూమేషన్నా? ఎండిపోతది. రేపు ఆర్డర్లు వస్తె నన్నడుగుతవ్, యాడికెల్లి తేవాలె?”

భూమేష్ ఫోన్ పెట్టి తల పట్టుకున్నాడు. జాతర ఇంకెంతో దూరం లేదు, గిరాకీ చూస్తే సగం కూడా లేదు. “పోయినసారి గిప్పటికి తూసుడుకు మనుషులు సాలలే. గిప్పుడేమైంది?” అన్నాడు.

నేను కూరగాయలు తరుగుతూ అన్నాను: “గా గేటు వెట్టినప్పటి సంది గిట్లనే ఉన్నది.”

అబద్ధమేం కాదు. గేటు పెట్టింది ఏడో తారీఖున. ఆర్డర్లు తగ్గింది ఆ తర్వాతే. ఆ తర్వాత ఎప్పుడు అని ఆయన అడగలేదు.

జనవరి 18

భూమేష్ నిఖితకు ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాడు. నీ గేటు వల్ల గిరాకీ బెదిరిపోతోంది, తీసెయ్యి అన్నాడు. నిఖితేమో రేపు వస్తున్న బావా, వచ్చి చూస్త, అందాక తీసెయ్యకు, తీస్తే మళ్ల వాడు సొచ్చి కూసుంటడు అని బతిమాలిందట. మధుకర్ విన్నాడు. పెళ్లాన్ని అన్నందుకు మొహం మాడ్చుకుని అన్నం దగ్గర నుంచి లేచిపోయాడు. అత్తమ్మ కూడా సరిగా తినలేదు.

నాకు మాత్రం ఆకలి బాగా వేసింది. రెండోసారి పెట్టుకున్నాను.

జనవరి 19

ఇవాళ జరిగింది వరసగా రాయాలి.

పొద్దున నిఖిత దిగింది. ఇంట్లో సంచి పడేసి నేరుగా దుకాణానికి వచ్చింది. నేను, భూమేష్, అత్తమ్మ అక్కడే ఉన్నాం. అది కంప్యూటర్ ముందు ఇంకా కూర్చోలేదు. అప్పుడే ఒకామె లోపలికి వచ్చింది. ముప్కాల్ నుంచట, పేరు జ్యోతిరాణి. ఆటో దిగి దుకాణం పేరు రెండుసార్లు చదువుకుని మరీ వచ్చింది. బెల్లం అడగలేదు.

“అక్కా, మా ఆయన మొక్కు మీరెందుకు వద్దన్నరు?” అంది.

మాకు అర్థం కాలేదు. కూర్చోబెట్టి నీళ్లిచ్చాం. వాళ్లాయన సిద్దిరాములు మస్కట్‌లో ఉంటాడు. కట్టే బిల్డింగ్ మీది నుంచి పడ్డాడట. పడుతూ పడుతూ సమ్మక్కను తలుచుకున్నాడట. కాలు విరిగింది గానీ బతికాడు. నిలువెత్తు బంగారం ఇస్తానని మొక్కుకున్నాడు. మా సైట్ సంగతి అక్కడ అందరికీ తెలుసు, పోయిన జాతరకు ఆయన గదిలోవాళ్లే ముగ్గురు పంపించారు. కాలు కట్టుతో మంచం మీద కూర్చుని ఫోన్లో తెరిచాడు.

“పర్మిషన్ లేదని వస్తున్నదట. ఇంగ్లీషుల. రూంల ఉండేటాయనతోని సదివిచ్చిండు. పొద్దున తెరుస్తడు, మాపటీలి తెరుస్తడు. గదే వస్తున్నది. మొదలు ఒకటి రెండొద్దులు ఎవ్వలకు రాకుంటుండె, తర్వాత బాగైంది, అందరు పంపిర్రు. దవాఖానకెల్లి వచ్చినంక ఈయనకే పర్మిషన్ లేదట.”

“నువ్వొచ్చి కొనొచ్చు గద బిడ్డా,” అంది అత్తమ్మ.

“నేను గదే అన్న. మొక్కింది నేను, నా చేతులతోనే కావాలె అంటడు. ఇప్పుడు గది గూడ అంటలేడవ్వా.” నీళ్ల గ్లాసు కింద పెట్టేసింది. “అమ్మనే నా మొక్కు వద్దంటున్నది అంటున్నడు. వద్దనేదానికి నన్నెందుకు బతికిచ్చింది అంటున్నడు. తింటలేడు. ఫోన్ జేస్తె ఏడుస్తడు. ఆడ ఒక్కడే ఉన్నడక్కా, ఏమన్న జేసుకుంటడేమోనని నాకు భయమైతున్నది.”

నిఖిత అప్పటికే కంప్యూటర్ ముందు కూర్చుంది. గేటు తెరిచింది. నేను దాని వెనకాలే నిలబడ్డాను. ఆ మీట కనిపించింది. ఇండియా వరకే.

మస్కట్ ఇండియాలో లేదు.

దుబాయి ఇండియాలో లేదు. ఇది తెలియని మనిషి ఉంటుందా? అయినా నాకు తట్టలేదు. దుబాయిని నేనెప్పుడు బయటి దేశమనుకున్నాను? మా వీధిలో ఇంటికొకరు అక్కడే. మా తమ్ముడు షార్జాలో ఉంటాడు, ఆర్మూర్‌లో ఉండే మా అక్క కంటే వాడే ఎక్కువ ఫోన్ చేస్తాడు. బయటి దేశమంటే నాకు బ్రెజిల్. ఆ రోజు మీట నొక్కేటప్పుడు ఒక్క క్షణం ఆగి ఉంటే తట్టేదేమో. ఆగలేదు. ‘నువ్వేం ముట్టకు’ అన్న మాట చెవిలో మోగుతుంటే ఎవరు ఆగుతారు? దోహా అతను ఫోన్ చేసినప్పుడైనా తట్టాలి. అప్పుడు తట్టలేదని రాయడానికి చెయ్యి రావడం లేదు. కొంచెం తట్టింది. పక్కకు నెట్టేశాను.

నిఖిత వెనక్కి తిరిగి నన్ను చూసింది. పాస్‌వర్డ్ ఉన్నది మా ఇద్దరికే. ఒక్కసారి చూసి, మళ్లీ తల తిప్పుకుంది.

“తప్పు నాదే బావా,” అంది. “గేటు ఇండియా వరకే పెట్టిన. గల్ఫోళ్లు యాదికి రాలే.”

భూమేష్ తిడతాడనుకున్నాను. ఇన్ని రోజులుగా ఆయన పడ్డ పరేషాన్ నాకు తెలుసు. తిట్టలేదు.

“పోనీ తియ్యి,” అన్నాడు. “తప్పెవలైన చేస్తరు. గింత జల్ది ఒప్పుకునేటోళ్లు ఎవలున్నరమ్మా ఈ రోజులల్ల?”

అత్తమ్మ దాని తల నిమిరింది. “గుణవంతురాలు నా బిడ్డ. ఒక్క మాట దాసిపెట్టుకోదు.”

నాకు సిగ్గు వేసిందా? సిగ్గు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఇంకోటి. ఇన్నాళ్లూ దాని తెలివిని మెచ్చుకున్నారు, సరే. దాని చదువును మెచ్చుకున్నారు, చాయ్‌ని మెచ్చుకున్నారు. ఇప్పుడు నా తప్పుకు కూడా దాన్నే మెచ్చుకుంటారా? నేను చేసిన తప్పు తీసుకుపోయి తన మంచితనం కింద వేసుకుంటుందా? ఈ ఇంట్లో నాదంటూ దీనికి అందకుండా ఒక్కటైనా మిగులుతుందా?

ఇలా అనుకున్నానని రాసుకుంటే ఇప్పుడు రోత పుడుతోంది. అయినా అనుకున్నాను. ఉన్నదున్నట్టు అసూయే అది.

నిఖిత జ్యోతిరాణి ఫోన్ తీసుకుని సిద్దిరాములుకు కలిపింది. స్పీకర్‌లో పెట్టింది. అవతల నుంచి “హలో” అన్న గొంతు రోగం నుంచి లేచిన మనిషి గొంతులా ఉంది.

“అన్నా, నిజామాబాద్‌కెల్లి మాట్లాడుతున్నమన్నా, బెల్లం దుకాణం,” అంది నిఖిత. “గది మా తప్పన్నా. నేనే...”

ఫోన్ లాక్కున్నాను. నిజంగానే లాక్కున్నాను, దాని వేలికి నా గోరు కూడా గీరుకుంది.

“అది గాదన్నా, నేను. శ్రీవాణిని. సైట్ చేసింది నేను. నిన్ను వద్దన్నది అమ్మ గాదన్నా. నేను.”

రోడ్డు మీద ఎవరో మరాఠీలో బేరమాడుతున్నారు. ఫోన్ కట్టయిందేమోనని చూశాను. కాలేదు.

“అమ్మ గాదా?” అన్నాడు చివరికి.

“అమ్మకేం సంబంధం లేదన్నా. మా యారాలు ముట్టొద్దన్నది. నేను ముట్టిన. బయటి దేశాలన్ని బంద్ వెట్టిన. మస్కట్ గూడ బయటనే ఉన్నదని యాదికి రాలే. నీ ఒక్కని మొక్కు గాదన్నా, దుబాయి, దోహా, అందరిది నేనే ఆపిన.”

“మనిషేనా ఆపింది?”

“మనిషినేనన్నా.”

పెద్దగా ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది.

“మనిషైతే ఏం గాదక్కా,” అన్నాడు. “మనిషైతే ఏం గాదు.” అంటూనే ఏడ్చాడు. జ్యోతిరాణి కొంగు నోట్లో కుక్కుకుంది.

నేను భూమేష్ వైపు చూడలేదు. అత్తమ్మ వైపు కూడా చూడలేదు. ఇక గోడ మీదుగా గంగమణికి ఏం చెప్తుందో చెప్పనీ. ఇండియా వరకే అన్నది నా చేత్తోనే తీసేశాను. దస్తీల వాళ్లు మళ్లీ వస్తారు కదా అని నిఖితను అడిగాను. వస్తే గేటు సూసుకుంటదక్కా అంది. దాని కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చినా బాగుంటుంది, దరిద్రపుది.

ఫోన్ ఇంకా స్పీకర్‌లోనే ఉంది. సిద్దిరాములు తన పేరు రాస్తూ పైకి చదువుకుంటున్నాడు, చిన్నపిల్లాడిలా, ఒక్కో అక్షరం. నిఖిత వచ్చి నా చెయ్యి పట్టుకుంది. విడిపించుకోవాలనిపించింది. విడిపించుకోలేదు.